ఎక్కుడు గాదు, దిగుడే

చిట్కుల్,
12 నవంబర్ 1996

తమ్మీ యాదన్నా,

నీ అక్క మొగులమ్మ దీవెనలు. ఇక్కడ అంత మంచిదే, నువ్వు గూడ మంచిగున్నవనుకుంట అని మొదలువెట్టాలె గద, మొదలువెట్టిన. ఇంట్ల ముగ్గురం ఉంటిమి, ఇద్దరమైనం. అది నీకు ఎరుకే. మీ బావ పోచయ్య పాశమైలారం పోతుండు, కంపెనీ గేటుకాడ కుర్చీల కూసుంటుండు, ఇంటికొచ్చి అరుగు మీద కూసుంటుండు. మాట ముందే తక్కువ, ఇప్పుడు అండ్ల గూడ సగమైంది. పోయిన ఐతారం సంగారెడ్డి పోయి నీ భార్యను, పిల్లలను చూసొచ్చిన. అరుణమ్మ బక్కవడ్డది. చిన్నోనికి నీ ముక్కే వచ్చింది, పాపం.

నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటె దిద్దుకొని చదువుకో. ఎస్టీడీ డబ్బల మాట్లాడుదమని పోతె, నువ్విచ్చిన నంబరుకు ఎవరో హిందీల గట్టిగ మాట్లాడి పెట్టేసిండు. నేను గూడ తెలుగుల గట్టిగనే మాట్లాడిన.

ఇగ అసలు ముచ్చట. నేను మీ ఔలి మిల్ట్రీ క్యాంపుకు వస్తున్న. మంచి చలికాలంల వస్త. మంచుకొండలను ఫొటోలు తీస్త. నిలవడి గాదు, మీ లెక్క కాళ్లకు పొడుగు చెక్కలు కట్టుకొని జారుకుంట తీస్త. నవ్వొస్తుందా? నవ్వు. నవ్వుడైనంక కిందిది చదువు.

సంగమేశు కెమెరా నా దగ్గరనే ఉన్నది. శ్రావణంల ఆ రోజు ఇస్నాపూర్ చౌరస్తాల నా కొడుకు స్కూటర్ లారీ కిందికి పోయినప్పుడు గూడ కెమెరా సంచి వాని భుజానికే ఉండె. దానికి ఒక్క గీత పడలే. తెచ్చి నా చీరెల నడుమ పెట్టిన. మొన్న వెంకటేశం వచ్చిండు. వాడు, సంగమేశు కలిసి ఫొటో స్టూడియో నడిపిరి గద, ఆ పిలగాడే. కెమెరా నెత్తి మీద చిన్న కిటికీ ఉన్నది, అండ్ల 24 అని ఉన్నది. రీలు ముప్పై ఆరు ఫొటోలదట. ఇంక పన్నెండు ఉన్నయన్నడు. ఎనుక మూత తెరిస్తె లోపలున్నయన్నీ పోతయట. ఎండకాలం దాక ఉంచితె రీలే ఖరాబైతదట. "కడుగుదమా పెద్దమ్మా" అన్నడు. వద్దన్న. ఆ పన్నెండు నిండాలె. వేటితోటి నిండాలెనో సంగమేశే రాసుకున్నడు.

వాని నోటుబుక్కుల ఉన్నది. "నిలవడి తీసిన మంచుకొండలు ప్రతి క్యాలెండర్ల ఉన్నయి. మామ దగ్గరికి పోయి జారుకుంట తియ్యాలె. కొండలు ఉరుకుతున్నట్టు పడాలె." కింద రెండు గీతలు గూడ కొట్టిండు. నువ్వు నడుముదాక మంచుల నిలవడి పంపిన ఫొటో చూసినప్పటిసంది వానికి ఇదే యావ.

బర్రె మీదికెళ్లి పడి రెండు పండ్లు రాలగొట్టుకున్నోనివి నువ్వు. నీకే జారుడు వచ్చిందంటె నాకు రాదా?

ఇంకొకటి. నీకు ఒక మాట చెప్పేదున్నది. కాయితం మీద పెట్టేది గాదు. నీ మొఖం చూసుకుంట చెప్త. అందుకు గూడ వస్తున్న.

ఇట్లు నీ అక్క,
మొగులమ్మ


ఔలి క్యాంపు,
27 నవంబర్ 1996

అక్కా, దండం.

నీ ఉత్తరం మా వంటశాలల ఆలుగడ్డలు కోసుకుంట చదివిన. నవ్వమన్నవు గద, నవ్విన. వేలు తెగింది. సంతోషమేనా?

అక్కా, ఇది మన చిట్కుల్ చలి గాదు. ఇక్కడ పొద్దున బకెట్ల నీళ్లు ముంచుకోవాలంటె ముందు సుత్తె కావాలె. కొబ్బరినూనె రాయైతది. బియ్యం ఎంత ఉడకవెట్టినా లోపల పలుకే. నీ నోట్లకెళ్లి వచ్చే తిట్లు గూడ మధ్యల గడ్డకట్టి కిందవడ్తయి. నేను నాలుగేండ్లసంది ఉన్న. రెండేండ్లు పడుకుంట లేసుకుంట జారుడు నేర్చుకున్న. వంటోనికి ఎందుకురా ఇది అని జవాన్లు ఎక్కిరిచ్చిరి. నీ వయసు నలభై ఆరు. నీ కాలికి రబ్బరు చెప్పు. ఏం మాట్లాడుతున్నవు?

కెమెరా మంచిగ బట్టల చుట్టి పార్శిల్ చెయ్యి. మా సాబ్ మంచోడు, ఫొటోలు తీసుడొచ్చు. పన్నెండు తీపిచ్చి రీలు పంపిస్త. అయిపాయె.

ఇంకో సంగతి మర్చినట్టున్నవు. పదో దినం నాడు మీ ఆడిబిడ్డ సత్తెమ్మ అందరి ముంగట ఏమన్నది? ఏడాది మాసికం అయ్యేదాక ఈ ఇంటోళ్లు గుట్ట ఎక్కొద్దన్నది. యాదగిరిగుట్ట మెట్లే ఎక్కొద్దంటె, ఇక్కడ గుట్ట మీద గుట్ట, దాని మీద ఇంకో గుట్ట ఉన్నది. నందాదేవి అని ఒక కొండ మా ఎదురుంగనే ఉంటది. దాన్ని చూడాలంటె టోపీ పట్టుకొని చూడాలె.

ఆ మొఖం మీద చెప్పే మాట ఏందక్కా? ఉత్తరంల రాయి. నాకు పరేషాన్ అయితుంది. బావకు గూడ వేరే ఉత్తరం రాసిన, నిన్ను జెర చూసుకొమ్మని.

నీ తమ్ముడు,
యాదన్న


చిట్కుల్,
10 డిసెంబర్ 1996

ఓ తెలివిగల్ల తమ్మీ,

మీ బావకు ఉత్తరం రాసినవు, బాగనే ఉన్నది. ఆయనకు చదువు రాదని నీకు ఎరుక లేదా? కంపెనీ అడ్రసుకు పంపితివి. గేటుకాడ టైమ్‌కీపర్ చదివి వినిపిచ్చిండు. షిఫ్టు ఇడిచే టైము. ఎంతమంది ఉంటరో నువ్వే చెప్పు. "అక్క మనసు మంచిగ లేదు, హిమాలయాలకు పోతనంటున్నది, కనిపెట్టుకొని ఉండు" అని రాసినవంట. నేను ఇంట్ల కూర పొయ్యి మీదికెళ్లి దించకముందే, పోచయ్య పెండ్లాం సన్యాసులల్ల కలుస్తుందని చిట్కుల్ అంత ఎరుకైంది.

మల్లవ్వ లేదా, మా గోడకవతలామె, ఆమె వచ్చి కండ్లనీళ్లు తీసుకున్నది. తుడుసుకొని, "ఎట్లైన పోతున్నవు గద మొగులమ్మా, ఆ ఇత్తడి బిందె నాకియ్యరాదూ" అన్నది. సన్యాసులకు గూడ నీళ్లు కావాలె అని చెప్పి పంపిన.

మీ బావ నా చెప్పులు దాచిండు. బోరింగుకాడికి పోయినా ఎనుకనే వస్తుండు. "ఏందయ్యా" అంటె "ఏం లేదు" అంటడు. ఇదంత నీ పుణ్యమే.

గుట్ట సంగతి నేనేం మరువలే. మొన్న శనివారం పొద్దుగూకకముందే సత్తెమ్మ వదినె ఇంటికి పోయిన. మక్కలు ఒలుస్తుండె. నేను గూడ కూసుండి ఒలుసుకుంట అడిగిన.

"వదినే, గుట్ట ఎక్కొద్దన్నవు. దిగొద్దన్నవా?"

"ఎక్కకుంట ఎట్ల దిగుతవే?"

"అక్కడ తాడు మీద నడిచే డబ్బ ఉన్నదట. అండ్ల కూసుంటె అదే మీదికి వట్టుకపోతది. అది ఎక్కుతది, నేను కూసుంట. ఇగ చెక్కలు కట్టుకొని జారుడంటవా, అది దిగుడే గద."

ఆమె రెండు కంకులు ఒలిచింది.

"మరి బస్సు?"

"బస్సు గూడ అంతే వదినే. చక్రాలు ఎక్కుతయి."

"ఇంత తెలివి ఇన్నేండ్లు ఏడ వెట్టినవే" అన్నది. ఇంకో కంకి తీసుకున్నది. "సరే. నీ సొంత కాలు మీదికి ఒక్క అడుగు వెయ్యొద్దు. వేసినవంటె ఎక్కినట్టే. నా తమ్మునికి గూడ ఇదే మాట."

ఒప్పుకున్న. ఇగ నీకు అడ్డం చెప్పనీకె ఏం లేదు.

జారుడు గూడ షురూ చేసిన. మీ బావ కంపెనీల బాయిలర్‌కు వడ్ల ఊక పోస్తరు. ఎనుక దిక్కు ఊక కుప్ప ఇల్లంత ఎత్తుంటది. ఐతారం ఎవ్వరుండరు. ప్యాకింగు పెట్టె చెక్కలు రెండు పాత చీరె పేలికలతోటి కాళ్లకు కట్టుకొని మీదికెళ్లి జారిన. ఊక కుప్ప గుట్ట కిందికి రాదు, అది గూడ వదినెను అడిగిన. మూడు గజాలు మంచిగ జారిన తమ్మీ. తర్వాత నెత్తి కిందికి, చెక్కలు మీదికి. నోట్ల ఊక, చెవులల్ల ఊక. రెండు దినాలు గోక్కున్న.

మీ బావ నవ్విండు. నాలుగు నెలలకు నవ్విండు. అందుకే రెండోసారి గూడ పడ్డ.

కెమెరా పార్శిల్ చెయ్య. ఇంకోసారి ఆ మాట రాయకు.

మొగులమ్మ


ఔలి,
26 డిసెంబర్ 1996

అక్కా, దండం.

నీ ఉత్తరం నేను చదివి, హిందీల చెప్పి, మా వంటశాలల అందరికి వినిపిచ్చిన. ఎనుకట టైమ్‌కీపర్ చేసిన పని నేను చేసిన, బదులు తీరింది. ఊక కుప్ప దగ్గరికి రాంగనే మా సాబ్ చాయ్ గ్లాసు కింద వెట్టి, "ఆమెను రానియ్యి యాదన్నా, జవాన్లకు సాధన ఎట్ల చెయ్యాల్నో చూపిస్త" అన్నడు. ఇగ నా చేతుల ఏం లేదు.

వచ్చేదైతె మార్చి మొదట్ల రా. అప్పుడు మంచు గట్టిగ ఉంటది, చలి జెర తగ్గుతది. అంతకంటె ఆలస్యం వద్దు. మార్చి ఆఖర్ల నన్ను కిందికి, చండీగఢ్ దిక్కు బదిలీ చేస్తున్నరు. మల్ల ఈ కొండల మొఖం చూడ. సికిందరాబాద్‌ల ఢిల్లీ రైలు ఎక్కు. అక్కడికెళ్లి హరిద్వార్. హరిద్వార్‌కాడ నేను వచ్చి నిలవడ్త. అక్కడికెళ్లి జోషిమఠ్ దాక బస్సు, దినమంత. బస్సుల కిటికీ దిక్కు కూసోకు. కూసున్నా కిందికి చూడకు. చీరె నడవదు, పాంటు తొడుక్కోవాలె. చెవులకు ఊలు టోపీ. పచ్చళ్లు తేవద్దు అని రాస్తె తెస్తవు, తే అని రాస్తె ఎక్కువ తెస్తవు. నీ ఇష్టం.

ఇగ నవ్వులు ఆపి ఒక మాట రాస్తున్న.

మొఖం మీద చెప్పేదున్నదన్నవు. ఏందో నాకు ఎరుకే అక్కా. పోయిన చలికాలం సంగతే గద. నేను వానికి కార్డు రాసిన. జనవరి పది కల్ల రారా, బూట్లు చెక్కలు పక్కకు వెట్టిచ్చిన అని. వాడు రాలే. వస్తననలే, రాననలే. నెల చూసిన. స్టూడియో పెట్టి పెద్దోడైండు, ఇగ వంటోడు మామ ఎందుకు అనుకున్న. నాకు గూడ కోపమొచ్చింది. ఆరు నెలలు ఒక్క అక్షరం రాయలే. తర్వాత టెలిగ్రామే వచ్చింది. నేను వచ్చేసరికి నాలుగో దినం.

చిన్నపిలగానితోటి పంతానికి పోయిన. నువ్వు నన్ను ఏమన్నా పడ్త. గని మంచు మీద నిలవెట్టి అడగకు. తిట్టేదుంటె ఉత్తరంల తిట్టు, నేను ఒక్కన్నే చదువుకుంట.

యాదన్న


చిట్కుల్,
8 జనవరి 1997

తమ్మీ,

పాంటు తొడుక్కున్న. సంగమేశుదే. కింద మలిచి కుట్టిన, నడుముకాడ దారం కట్టిన. మల్లవ్వ చూసి నోరు మూసుకోలే, బిందె సంగతి గూడ మర్చింది. "నేను గూడ వస్త" అన్నడు మీ బావ. మూడే మాటలు. చెప్పులు గూడ ఇచ్చేసిండు.

ఇట్ల నవ్విచ్చుకుంట ఉత్తరమంత నింపుదమనుకున్న. నువ్వు రాసింది చదివినంక చెయ్యి వస్తలేదు. మొఖం మీద చెప్తనన్న గని, అప్పటిదాక నువ్వు నిన్నే తిట్టుకుంట ఉంటవు. అందుకే ఇప్పుడే రాస్తున్న.

నీ కార్డు వచ్చింది యాదన్నా. సంగమేశుకు చేరలే. నేనే దాచిన.

వాడు స్టూడియోకు పోయినంక పోస్టాయన వచ్చిండు. నా చేతికిచ్చిండు. ఒక్కొక్క అక్షరం కూడుకొని చదివిన. అంతకు ముందు ఉత్తరంల, మంచుల జారి ఒక పిలగాని కాలిరిగిందని రాసినవు గుర్తున్నదా? నాకు అదే మెదిలింది. ఒక్కడే కొడుకు. కొండలల్ల కాలు జారితె ఎవరు పట్టుకుంటరు అనుకున్న. పొయ్యిల వేద్దమని వంగిన. నీ చేతిరాత కాల్చ మనసు రాలే. తవుడు డబ్బ అడుగున పెట్టిన.

వాడు పొద్దుమీకి వచ్చి, బండి స్టాండు ఏసుకుంటనే అడిగెటోడు. "అమ్మా, మామ ఉత్తరం వచ్చిందా?" రాలే బిడ్డా, అన్న. మల్లొకనాడు, రాలే బిడ్డా. మూడు వారాలు రోజు అడిగిండు, రోజు చెప్పిన. "మామకు సెలవు దొరకలేదేమొ" అని వాడే నీ దిక్కుకెళ్లి మాట్లాడిండు. ఒక్కనాడన్న నిన్ను తప్పు పట్టలే. తర్వాత అడుగుడు మానిండు.

కొండల మీద వానికేమన్న అయితదని ఇంట్ల ఆపుకున్న. మన చౌరస్తాల అయింది.

ఆ పన్నెండు ఫొటోల కోసం నేను ఎందుకు కొట్లాడుతున్ననో ఇప్పుడు నీకు ఎరుకైంది. తీసుకపోయి చూపిస్తె వానికి అందుతదని గాదు. నేను అడ్డమొచ్చిన కాడికి నేనే నడిచి పోవాలె, అంతే.

ఇగ వచ్చుడా, వద్దా, నువ్వే చెప్పు. నువ్వు రమ్మంటెనే టికెట్ తీపిస్త.

అక్క


చిట్కుల్,
2 ఫిబ్రవరి 1997

యాదన్నా,

ఇరవై ఐదు దినాలైంది. నీ ఉత్తరం రాలే.

ఉత్తరం రాకుంటె ఎట్లుంటదో నాకు ఎరుక కావాల్నని రాస్తలేవా? అట్లైతె ఎరుకైంది. అంతకంటె ఎక్కువ ఏం అననీకె నాకు మొఖం లేదు.

నాకు వచ్చే హక్కు లేదంటె రాను. ఆనాడు పార్శిల్ వద్దన్న, ఇప్పుడు వెంకటేశంతోటి కెమెరా కట్టిచ్చి పంపిస్త. నువ్వన్న జారి తియ్యి. పన్నెండు నిండితె చాలు. ఎండలు ముదురకముందు చెప్పు.

పోవుడు ఆగుతదేమొనని మీ బావకు నేను ఇంక చెప్పలే. ఆయన ఐతారం ఐతారం ఊకల జారుడు నేర్చుకుంటుండు. నా కన్న మంచిగ జారుతుండు.

మొగులమ్మ


ఔలి,
14 ఫిబ్రవరి 1997

అక్కా, దండం.

నీ రెండు ఉత్తరాలు ఒక్కసారే అందినయి. జనవరిల మంచు మీద మంచు పడి జోషిమఠ్ కింద రోడ్డు కూలింది. పోస్టు సంచులు కింద్నే ఉండిపోయినయి. ఐదు దినాల కింద వచ్చినయి. అంటె రోడ్డు చేసిన ఆలస్యం పోంగ, ఐదు దినాలు నేను చేసింది.

మొదటిది చదివిన రోజు రొట్టెలు మాడగొట్టిన. ఒకటి గాదు రెండు గాదు, రాత్రి పూట మొత్తం క్యాంపువి. సాబ్ వచ్చి నా మొఖం చూసి, మాడిన రొట్టె ఒకటి తీసుకొని పోయిండు. అక్కా, అబద్ధం రాయను, నిన్ను మస్తు తిట్టిన. మన అమ్మ ఉంటె చెవులు మూసుకునేది. మూడు దినాలు తిట్టిన.

నాలుగో దినం మల్ల చదివిన. నాకు తిట్లు గుర్తు రాలే. వాడు స్టాండు ఏసుకుంటనే నా ఉత్తరం అడిగిండని రాసినవు చూడు, అక్కడ్నే ఆగిపోయిన. మూడు వారాలు రోజు అడిగిండా? నాకు సెలవు దొరకలేదేమొ అని వాడే అన్నడా? నేను ఏడాదిసంది వాడు నన్ను మర్చిండనే అనుకుంటున్న. వాని పదో దినం నాడు గూడ అదే అనుకుంట కూసున్న. మర్చిపోలేదు గద. అడిగిండు గద. నువ్వు రాయకుంటె నాకు ఇది ఎన్నటికి ఎరుక కాకపోతుండె.

కోపం పోయిందా అంటె మొత్తం పోలే. కొంచెమున్నది. వచ్చి చూసుకుందువు.

ఇగ పని ముచ్చట. సాబ్‌ను అడిగిన. జారుకుంట ఫొటో తీసుడు ఒక్కరితోటి అయ్యే పని గాదట. చెక్కలు కట్టుకుంటె రెండు చేతులల్ల రెండు కర్రలుంటయి, కెమెరా ఏ చేతుల పట్టుకుంటవు? నువ్వు, నీ కొడుకు ఇద్దరు ఇది ఆలోచన చెయ్యలే. మా దగ్గర ఒక జారుబండి ఉన్నది. దెబ్బ తగిలినోళ్లను పండవెట్టి కిందికి తెచ్చేది. దానికి ముందు రెండు పొడుగు పిడులుంటయి. చెక్కలు కట్టుకున్నోడు వాటి నడుమ నిలవడి పట్టుకొని జారుతడు. అండ్ల నువ్వు కూసుంటవు, చేతులు ఖాళీ. నేను పట్టుకొని జారుత. నువ్వు తీస్తవు. కాలు జారితె ఎవరు పట్టుకుంటరు అన్నవు గద. నేను పట్టుకుంట.

సొంత కాలు మీద ఒక్క అడుగు ఎక్కే పని గూడ లేదు. ఒకటే చిక్కు. తాడు డబ్బ దిగినంక జారుబండి దాక నలభై అడుగులు మీదికి నడవాలె. దానికి సత్తెమ్మనే అడుగు, నాతోటి కాదు.

టికెట్ తియ్యి. మార్చి ఆరుకు హరిద్వార్‌ల ఉంట. బావను తీసుకరా, ఊక నేర్చినోడు పనికొస్తడు.

నీ తమ్ముడు,
యాదన్న


చిట్కుల్,
6 ఏప్రిల్ 1997

తమ్మీ యాదన్నా,

కొత్త క్యాంపుల ఎట్లున్నది? చండీగఢ్‌ల అన్నం ఉడుకుతుందా? మేము మంచిగ చేరినం. నా మొఖం తోలు ఇంక రాలుతనే ఉన్నది. మంచు కాలుస్తదని నువ్వు చెప్పనే లేదు. మల్లవ్వ, "హిమాలయాలకు పోతె తెల్లగయితరనుకున్న" అని నవ్వుతుంది.

సత్తెమ్మ వదినె బస్సు దిగంగనే పట్టుకున్నది. "అడుగు వేసినవా?" అన్నది. నువ్వైతె ఆమెను అడుగుమంటివి, నేను అడుగలే. అడిగితె వద్దంటదని భయం. అందుకే ఆ నలభై అడుగులు నేను, మీ బావ కొండకు ఈపు చూపిచ్చి ఎనుకకు నడిస్తిమి. మీ జవాన్లు అటెన్షన్‌ల నిలవడి కడుపులు పట్టుకున్నది చెప్పిన. "మా మొఖాలు కింది దిక్కే ఉండె వదినే, దిగినట్టే గద" అన్న. ఆమె మీ బావ దిక్కు చూసింది. ఆయన, "మొత్తం కింది దిక్కే" అన్నడు. ఆమె తీర్పు ఇంక చెప్పలే. మాసికం నాటికి చెప్తదట.

ఫొటోలు వచ్చినయి. మనం తీసిన పన్నెండు ముందు చెప్త. నాలుగు ఉట్టి ఆకాశం. రెండు నా బొటనవేలు. మూడు నీ ఈపు, ఒకదాంట్ల నువ్వు "తియ్యక్కా, తియ్యి" అని ఎనుకకు తిరిగి ఒర్రుతున్నవు, నోరంత కనవడ్తుంది, ఆ పండ్లు లేని సందు గూడ. ఒకటి మీ బావ. ఆయనను తియ్యలే, అడ్డమొచ్చిండు. మిగిలిన రెండు కొండలు. నిలవడ్డ కొండలు గావు. నందాదేవి అడ్డంగ గీతలు గీతలుగ, ఎవరో పిలిస్తె ఉరికినట్టు పడ్డది. వెంకటేశం ఆ రెండు పట్టుకొని వెలుతురుకు పోయి చూసిండు. "పెద్దమ్మా, సంగమేశు అన్న చెప్పింది ఇవే" అన్నడు. పెద్దగ చేసి ఒకటి నీకు పంపుతుండు.

ఇగ ముందటి ఇరవై నాలుగు.

కడిగిన నాడు నేను స్టూడియోల స్టూలు మీద కూసున్న. ఒక్కదాంట్లనన్న వాడుంటడనుకున్న. అద్దంలనో, నీడనో. నీకు గూడ అట్లనే అనిపిచ్చింది గద, మంచు మీద అన్నవు. ఒక్క దాంట్ల లేడు తమ్మీ. అన్నీ కంపెనీలల్ల పనిచేసేటోళ్లు. బీహారోళ్లు, ఒడిశోళ్లు, మన దిక్కోళ్లు. గేటు పాసుకు ఫొటో దిగవచ్చినోళ్లు. గని గేటు పాసు ఫొటోలు గావు. అందరు నవ్వుతున్నరు. వెంకటేశం అప్పుడు చెప్పిండు. పాసుకు మొఖం బిగబట్టిచ్చి ఒకటి తీసేటోడట. తర్వాత ఏదో ఒకటి అని నవ్విచ్చి, ఇంటికి పంపుకోనీకె ఇంకొకటి తీసేటోడట. పాసువి స్టూడియోల ఇంకో కెమెరా, వేరే రీలు, అవి అప్పుడే ఇచ్చేసిరి. ఇంటికి పంపేటివి ఈ రీలుల ఉండిపోయినయి. కొందరు శ్రావణంల వచ్చి స్టూడియో మూసున్నది చూసి, సంగతి విని, ఏం అడుగకుంట మల్లిపోయిరట. మల్ల అడుగలే. నా మొఖం చూసి అడుగలే.

ఎనిమిది నెలలు వాళ్ల నవ్వులన్నీ నా చీరెల నడుమ ఉన్నయి.

మొన్నటిసంది నేను, మీ బావ ఫొటోలు సంచిల పెట్టుకొని కిరాయి రూములు తిరుగుతున్నం. ఒక్కొక్క రూముల ఎనిమిది మంది. హిందీ నాకు రాదు, ఫొటో ముంగట పెడ్త. ఎవ్వనిదో వాడే గుంజుకుంటడు. ఒకాయన ఫొటో చూసి, సంగమేశు అప్పుడు ఏమని నవ్విచ్చిండో చెప్పిండు. నాకు సగమే అర్థమైంది. మీ బావకు మొత్తం అర్థమైంది, గేటుకాడ ఉండి ఉండి హిందీ వచ్చింది కదా. వంగి వంగి నవ్విండు. అడిగితె, "నీకు చెప్పేది గాదు" అంటుండు. నా కొడుకు నాకు చెప్పకూడని జోకులు గూడ ఏసెటోడన్నమాట!

ఇరవై మూడు మందికి ముట్టినయి. ఒక్కాయనది మిగిలింది. రబీంద్ర అట. పనైపోయి మాఘంల ఒడిశాకు పోయిండు. వాని రూమోళ్లు ఇంగ్లీషుల అడ్రసు రాసిచ్చిరి. నాకు ఆ అక్షరాలు రావు. ముగ్గు చూసి ముగ్గేసినట్టు ఒక్కొక్కటి చూసుకుంట కవరు మీద దించుతున్న. రెండు కవర్లు ఖరాబైనయి, ఇది మూడోది. వెంకటేశం రాసిస్తనన్నడు. వద్దన్న. మీ బావ పక్కన కూసుండి అన్నం మెతుకులతోటి కవరు అంటిస్తనని తొందర చేస్తుండు. ఫొటో ఇంక లోపల పెట్టనే లేదు, ఈయనకు అంటిచ్చుడు కావాలె.

ఇస్నాపూర్‌ల పోస్టు డబ్బ మూడింటికి తీస్తరట. "ఒక్క కవరు ఎయ్యనీకె ఇద్దరెందుకయ్యా" అంటె ఇనలే, చెప్పులేసుకొని వాకిట్ల నిలవడ్డడు.

పోతున్న తమ్మీ. ఇప్పుడు బయలెల్లితె అందుతది.

నీ అక్క,
మొగులమ్మ